గురవమ్మ సగం కాగితం

అల్ ఖోబర్,
అక్టోబర్

ప్రియమైన ఉమకు,

మావారి స్నేహితుడు హేమసుందర్ గారు ఇండియా వెళ్తుంటే ఈ ఉత్తరం ఇచ్చి పంపుతున్నాను. ఫోనులో నా మాట నీ చెవికి అందకపోవడం వల్ల మనకు మళ్ళీ ఉత్తరాల రోజులు వచ్చాయి. నాకైతే బాగానే ఉంది.

నేను టీచరమ్మనయ్యాను, నవ్వకు. మా బిల్డింగులో అమెరికన్ బడికి వెళ్ళే ఐదో తరగతి పిల్లలు నలుగురున్నారు. తల్లులు ఉద్యోగాల నుంచి వచ్చేదాకా నా దగ్గరే ఉంటారు. వాళ్ళ అమెరికా చరిత్ర పుస్తకాన్ని పొద్దున డిక్షనరీ పెట్టుకుని చదివి, సాయంత్రం పురాణంలా చెబుతాను. తమ పద్ధతిలో పూజ చేసుకోనివ్వలేదని ఊరొదిలి అమెరికాకు ఓడెక్కిన పిల్‌గ్రిమ్‌ల పాఠం చెబుతూ, పిల్లలకు నా దేవుడి అల్మారా తెరిచి చూపించాను. ఈ సౌదీలో నా దేవుళ్ళు కూడా అల్మారా తలుపుల వెనకే కదా. పక్క ఫ్లాటు రిషిత, "ఆంటీ, మీరు కూడా పిల్‌గ్రిమ్మేనా?" అంది. ఆ రోజంతా నాకు గర్వంగానే ఉంది.

మా ఇంట్లో పనికి నువ్వు పంపిన గురవమ్మ బాగుంది. ఆమె ఒప్పందం రెండేళ్ళూ వేసవిలోనే నిండాయి, నిజమే. కూతురు సుమలతకు తొలి కాన్పు అని చెప్పింది. చూద్దాం. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు, ఇంకో మనిషి దొరకాలి కదా. పాస్‌పోర్టు గురించి దిగులు పడొద్దని వాళ్ళవాళ్ళకు చెప్పు. దేవుడి అల్మారాలో, వేంకటేశ్వరస్వామి పటం వెనక పెట్టాను. అంతకంటే భద్రమైన చోటు మా ఇంట్లో లేదు.

నీ చాముండి

ఆర్మూరు,
నవంబర్

ప్రియమైన చాముండీ,

సోషల్ టీచరు ప్రశ్న అడిగితే బెంచీ కింద పెన్సిల్ వెతికేదానివి, నువ్వు చరిత్ర చెబుతున్నావా! ఆ పిల్లలను ఆ స్వామే కాపాడాలి.

సుమలతకు ఏడో నెల. తండ్రి లేని పిల్ల. తొలి కాన్పుకు పుట్టింటికి పంపాలి కదా, ఇక్కడేమో గురవమ్మ ఇంటికి తాళం. "నీ తల్లిగారిల్లు యాడున్నదే, సౌదీలనా?" అని అత్త అందరి ముందూ ఎత్తిపొడుస్తోందట. మా ఇంటికే తెచ్చుకుంటానని చెప్పాను. కానీ నేను తల్లిని కాను చాముండీ. పక్క గదిలోంచి పిలిచినా నాకు వినపడదు.

గురవమ్మ ఎప్పుడు వస్తుంది? ఒక్క మాట రాయి.

నీ ఉమ

అల్ ఖోబర్,
జనవరి

ప్రియమైన ఉమకు,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. రాయడానికి నా దగ్గర మంచి మాట లేదు. గురవమ్మ దేశం దాటి వెళ్ళిరావడానికి ఇక్కడ యజమాని అనుమతి కావాలి; అది మావారు ఫోనులో నొక్కితే వచ్చేస్తుంది. "చలి తగ్గనీ, పంపుదాం" అన్నారాయన. నేను ఊఁ అన్నాను.

పోయిన వారం పిల్లలకు ఒప్పంద సేవకుల పాఠం. ఓడ ఛార్జీ పెట్టుకోలేని పేదలు, ఆ ఛార్జీ కట్టిన యజమాని ఇంట్లో కొన్నేళ్ళు పని చేస్తామని కాగితం రాసిచ్చేవారు. ఆయన అనుమతి లేకుండా ఎక్కడికీ పోకూడదు. ఆ కాగితాన్ని వంకరటింకరగా రెండుగా కోసి చెరి సగం ఉంచుకునేవారు. ఎవరూ మోసం చేయకుండా తర్వాత కలిపి చూసుకోవచ్చన్నమాట. పిల్లలకు అర్థం కావాలని నేనే ఒక కాగితం రాసి, రంపం పళ్ళలా కత్తిరించి, పిల్లల్లో అనురాగ్‌ను యజమానిని, రిషితను సేవకురాలిని చేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అప్పుడే గురవమ్మ పాలు తెచ్చింది.

"గురవమ్మ ఆంటీ, మీరూ అగ్రిమెంట్ మీదే వచ్చారు కదా. మీ హాఫ్ ఏది?" అంది రిషిత.

"నా కాయితమా? అమ్మ తాన ఉన్నది బిడ్డా. దేవుని ఎన్కల."

"మీ టైమ్ ఎప్పుడు అయిపోతుంది?"

"ఎప్పుడో అయిపాయె."

"మరి ఎందుకు వెళ్ళలేదు?"

గురవమ్మ నా వైపు చూసింది. పాఠం చెప్పేది నేను కనుక జవాబు నాకే తెలుస్తుందని చూసింది. పిల్లలూ నా వైపే చూశారు. "ఈ పూటకు చాలు" అని పుస్తకం మూసేశాను.

ఆయన ఇంటికి రాగానే, చెప్పులు విప్పకముందే, ఫోనులో ఆ అనుమతి నొక్కమన్నాను. తర్వాత నేను గురవమ్మ పెట్టెలో చీరలు, పసిబిడ్డకు బట్టలు, ఖర్జూరాలు సర్దుతుంటే రిషిత పక్కన నిలబడి, "పాఠంలో, గడువు అయ్యాక సేవకులకు యజమాని ఇవ్వాల్సినవి ఇవే కదా ఆంటీ? బట్టలు, తినడానికి గింజలు. టెస్టులో వస్తుందా?" అంది. వస్తుందన్నాను. నా చేతులు ఆ పెట్టెలోనే ఉండిపోయాయి.

ఈ ఉత్తరం గురవమ్మే నీకు అందిస్తుంది. ఆమెకు చదవడం రాదు. రాదు కనుకే ఇంత రాయగలిగాను.

నీ చాముండి

ఆర్మూరు,
జనవరి

ప్రియమైన చాముండీ,

గురవమ్మ చేరింది. ఆడపిల్ల. గురవమ్మ రావడానికి ముందు రోజే పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. నొప్పుల్లో సుమలత "అమ్మా" అని పిలిచింది. ఆ పిలుపు నాకు కూడా వినపడింది.

గురవమ్మ నిన్ను పల్లెత్తు మాట అనలేదు. పాస్‌పోర్టు అట్ట నిండా కుంకుమ మరకలు. విమానాశ్రయంలో ఇదేమిటని అడిగితే, "మా అమ్మ దినాం మొక్కుతది సార్" అందట, గొప్పగా. దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వే దాచు ఉమక్కా, నా తాన ఉంటే పోతది" అంది. నేను తీసుకోలేదు. నీదే, నీ దగ్గరే ఉంచుకో అన్నాను. ఎక్కడ ఉంచుకోవాలో తోచక, మనవరాలిని ఎత్తుకున్న చేతిలోనే దాన్నీ పట్టుకుని కూర్చుంది.

మళ్ళీ వస్తావా అని నేను అడగలేదు. నువ్వూ అడగకు.

నీ ఉమ

అల్ ఖోబర్,
ఫిబ్రవరి

ప్రియమైన ఉమకు,

అడగను.

పిల్లలకు చరిత్ర చెప్పడం మానేద్దామనుకున్నాను. మానితే తప్పించుకున్నట్టే అవుతుందని మళ్ళీ కూర్చున్నాను. నిన్న రిషిత, "గురవమ్మ ఆంటీ పేపర్ ఇప్పుడు ఆమె దగ్గరే ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. "మరి మీది ఎక్కడుంటుంది?" అంది.

దేవుడి అల్మారా కంటే భద్రమైన చోటు మా ఇంట్లో లేదని నీకు రాశాను కదా ఉమా. నా పాస్‌పోర్టు ఇన్నేళ్ళుగా నా చేతిసంచీలోనే ఉంది. దాన్ని దేవుడి దగ్గర పెట్టాలని ఒక్కనాడూ అనిపించలేదు.

చాముండి