తల వంచుకొని చూసిన వ్యాను

ప్రొద్దుటూరు, 1946 ఫిబ్రవరి, బుధవారం రాత్రి

ఈ రోజు కడపలో వ్యాను కొనేశాము. ఇక తిరునాళ్ళ వెంట తిరిగి చీరలు అమ్మడం, వండుకోవడం, పడుకోవడం అన్నీ అందులోనే.

షెడ్డులో పాత మిలిటరీ వ్యాన్లు రెండు చూపించారు. ఒకదాని కప్పు ఎత్తుగా ఉంది కానీ ఇంజను దగ్గుతోంది. రెండోదాని ఇంజను బాగుంది, కప్పు కిందికి ఉంది. మా ఆయన అందులో హాయిగా నిలబడి చూసి, "నువ్వు గూడా ఎక్కి జూడు, ఉండేది నువ్వు గదా" అన్నారు. కింద ఆయన అన్నగారు నిలబడి ఉన్నారు. బావగారి ఎదుట నేనెప్పుడైనా తలెత్తానా? వంచుకొనే ఎక్కాను, వంచుకొనే దిగాను.

"తలకు యాడన్నా తగుల్తాదా అమ్మా?" అని బావగారు అడిగితే, లేదన్నట్టు తల ఊపాను.

"ఇంగేంరా, ఆయమ్మకు కొలిచి కుట్టిచ్చినట్టుండాది!" అని నవ్వారు.

సాయంత్రం మా వాకిట్లో నిలిపిన వ్యాను ఒక్కదాన్నే ఎక్కి, మెల్లగా తలెత్తాను. రేకు ఠంగున తగిలింది. ఇక అందులో వంగే బతకాలి. అక్కడే నోరు విప్పి ఉంటే...

ఇప్పుడు చెప్పాలంటే, నేను ఆయనకన్నా పొడుగని కూడా చెప్పాలి. పెళ్ళైనప్పటి నుంచి ఆయన పక్కన నేను నిటారుగా నిలబడిందే లేదు.