ఇంటి ముందు ఛార్జ్

కొత్వాల్‌గూడ

పన్ను అధికారి రవీందర్ గారికి, ఎయిర్‌పోర్టు కార్గో గుమాస్తా ఘియాసుద్దీన్ ఆదాబ్.

కరెంటు కారు కొంటే అప్పు వడ్డీకి పన్ను మినహాయింపు ఇస్తామని సర్కారు చెప్తే నమ్మి కొన్నాను. ఇప్పుడు ఆ మినహాయింపు కావాలంటే పెట్రోలు బిల్లులు చూపించమని మీ నోటీసు. బోడిగుండును దువ్వెన రసీదు అడిగినట్టుంది. అయ్యా, అది పెట్రోలు తాగదు. రోజూ ఇంటి ముందే ఛార్జ్ చేస్తాను, అంతే. మీరు ఆపిన రీఫండ్ వస్తేనే బ్యాంకు కిస్తీ కట్టగలను. లేకుంటే నెలాఖరుకు కారు పట్టుకుపోతామన్నారు.

ఇట్లు,
పొగ రాని బండి యజమాని,
ఘియాసుద్దీన్

తా.క.: పొగ పరీక్ష కాగితం కూడా అడిగారు. మా ఇంట్లో పొగ వచ్చేది నా భార్య రఫియా పెనం మీద నుంచే. పంపమంటారా?

*

శ్రీ ఘియాసుద్దీన్ గారికి,

మీ ఉత్తరం క్షుణ్ణంగా చదివాం. రోజూ ఇంటి ముందే ఛార్జ్ చేస్తున్నట్టు మీరే ఒప్పుకున్నారు. అంటే సొంత కారని చెప్పి కిరాయికి తిప్పుతున్నారన్నమాట. ఎయిర్‌పోర్టుకు మనిషికి ఎంత ఛార్జ్ చేస్తున్నారో తెలపండి. అంతవరకు రీఫండ్ నిలుపుదల.

భవదీయుడు,
రవీందర్

తా.క.: పెనం వివరాలు అక్కర్లేదు. దానితో వ్యాపారం ఉంటే మాత్రం రాయాలి.

*

రవీందర్ గారికి, మొదటి ఆదాబ్ వృథా అయింది కాబట్టి ఇంకొకటి.

నేను ఒక్క ప్రయాణికుణ్ని ఎక్కించుకోలేదు. కావాలంటే మా బావమరిది అమ్మార్‌ను అడగండి. అతనిదీ ఇలాంటి కారే. గగన్‌పహాడ్ నుంచి మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఫుల్లుగా ఛార్జ్ చేసే పంపిస్తాను. అతను ఏనాడూ కాదనలేదు.

ఇట్లు,
ఓపిక అడుగంటిన
ఘియాసుద్దీన్

తా.క.: రఫియా ఒక మాట అడగమంది: "మనకు తెల్వకపోతే మనం జుర్మానా కట్టాలె. సారుకు తెల్వకపోతే గూడ మనమే కట్టాల్నా?"

*

శ్రీ ఘియాసుద్దీన్ గారికి,

సొంత బావమరిదిని సైతం ఫుల్లుగా ఛార్జ్ చేస్తున్నారని తెలిసి విచారిస్తున్నాం. మీ నేరం కుటుంబం దాకా పాకింది. శుక్రవారం స్వయంగా తనిఖీకి వస్తున్నాం.

భవదీయుడు,
రవీందర్

తా.క.: మా కార్యాలయానికి కూడా ఈమధ్యే కరెంటు కారు ఇచ్చారు. డ్రైవరు పెట్రోలు బిల్లులు ఇవ్వడం లేదు. అతని మీద విచారణ నడుస్తోంది.

*

రవీందర్ గారికి, ఆదాబ్.

రీఫండ్ వచ్చింది. కిస్తీ కట్టాను, కారు మిగిలింది. శుక్రవారం తనిఖీకి బయల్దేరిన మీ కారు మాత్రం హిమాయత్ సాగర్ దాటి వచ్చి మా గుమ్మం ముందే ప్రాణం వదిలింది. మా ఇంటి తీగ తగిలిస్తే గానీ లేవలేదు. అది నిండేదాకా మీరు మా కుర్చీలో కూర్చుని, మా చాయ్ తాగి, ఆ తీగను చూస్తూ ఉండిపోయారు. ఛార్జ్ అంటే ఏమిటో అప్పుడు తెలిసింది మీకు, అందుకే రీఫండ్ వదిలారు. ఇన్నాళ్లూ నన్ను దొంగను చేసిన మీకు ఒక్క క్షమాపణ మాట మాత్రం తోచలేదు. నాకు ఒళ్లు మండింది.

పైగా ఇప్పుడు సంతకం చేయమని రసీదు పంపారు. "మా ఇంటి ముందు ప్రభుత్వ వాహనం నుండి ఛార్జీలు వసూలు చేసితిని" అని అందులో ఉంది. రఫియా చదివి నవ్వింది.

"సంతకం పెట్టకుండ్రి. పెడితే మనం పైసలు వసూలు చేస్తున్నమన్న వాళ్ల మాట నిజమైతది."

అందుకే సంతకం లేకుండానే తిప్పి పంపుతున్నాను. పన్ను కట్టేవాడి ఇంట్లో సర్కారు కారు ఊరికే ఎందుకు కరెంటు తాగిందని ఆడిటు వాళ్లు మిమ్మల్ని అడుగుతారు. ఇక సంజాయిషీ రాసే వంతు మీది.

ఇట్లు,
ఏ వసూలూ ఎరగని
ఘియాసుద్దీన్

తా.క.: రాయడం చేతకాకపోతే మా ఇంటికి రండి, నేనే రాసిపెడతాను. మిమ్మల్ని ఛార్జ్ చేయను.