సాంచాల చప్పుడు

మజర్ భాయ్,

కోరుట్ల కాలేజీ ల్యాబ్ పనంతా నీ ఒక్కడి మీదే ఉందని తెలుసు. అయినా ఇది ఫోన్ గ్రూపులో పెట్టలేను, అక్కడ అందరూ చూస్తారు. అందుకే పెన్‌డ్రైవ్‌తో పాటు ఈ కాగితం పంపుతున్నాను.

మన ప్రాజెక్టు కోసం సిరిసిల్లలో తీసిన వీడియోలో కండెలు చుట్టే లసుమవ్వ పెద్దమ్మ ఉంది కదా. నేత షెడ్డులో బట్ట నేసే సాంచాలు నడుస్తుంటే పక్కన నిలబడ్డ మనిషి మాట కూడా వినపడదు. ఆ ధైర్యంతోనే పెద్దమ్మ పక్కన పనిచేసే ఆమె చెవిలో షెడ్డు సేటు గురించి ఒక మాట అన్నది. నేను ఆమె కొంగుకు పెట్టిన మైకు అంత చప్పుడులోనూ ఆ మాటను పట్టుకుంది. ఏమన్నదో రాయను. ఆమె కొడుకు శ్రీశైలం కూడా అదే షెడ్డులో పని చేస్తున్నాడు.

ఇక్కడ జగిత్యాల ల్యాబ్‌లో ఆ క్లిప్ తీసేశాను. ఫోల్డర్ మనిద్దరికీ ఒకటే కాబట్టి, నీ కంప్యూటర్ ఆన్ కాగానే అది మళ్ళీ నా దగ్గరికి వచ్చింది. ఇద్దరం ఒక్కసారే తీస్తేనే పోయేటట్టుంది, ల్యాబ్‌లో కూర్చున్నాక ఫోన్ చెయ్యి. నువ్వు విడిగా దాచిన ఆడియో కూడా తీసెయ్యి. పెన్‌డ్రైవ్‌లో వట్టి సాంచాల చప్పుడు ఉంది, వీడియోలో ఆ మాట ఉన్న చోట అది పెట్టు.

ఆ రోజు నేను హెడ్‌ఫోన్స్ తీస్తుంటే పెద్దమ్మ దగ్గరికి వచ్చి అడిగింది.

"నేనన్నది అండ్ల ఇనచ్చిందా బిడ్డా?"

"లేదు పెద్దమ్మా, సాంచాల చప్పుడే ఇనచ్చింది" అన్నాను.

ఆ మాట నిజం చెయ్యి భాయ్.

నీ చెల్లె