ఆయన మరిచిన తెలుగు

జనవరి 9
ఇవాళ డిశ్చార్జ్ చేశారు. మా ఆయన్ని ఆటోలో బాగ్‌బేరా క్వార్టర్‌కి తెచ్చుకున్నాం. పోయిన నెల మాంగో బ్రిడ్జి మీద బైక్ జారి తలకి దెబ్బ తగిలిన దగ్గర్నుంచి గౌరీశంకర్ గారి నోట హిందీ తప్ప రావడం లేదు. తెలుగు మొత్తం పోయింది. నాకేమో హిందీ రాదు. పెళ్లై పలాస నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి ఆర్నెల్లే. కాలనీలో అందరూ తెలుగువాళ్లేనని నేర్చుకోలేదు. కిటికీ మూయమన్నారో, నన్ను బయటికి పొమ్మన్నారో అత్తయ్య చెబితేనే తెలుస్తోంది.

జనవరి 12
అర్థం కాక టీ ఇచ్చాను. ఆయన అడిగింది దుప్పటట. గ్లాసు విసిరేశారు. తర్వాత ఆయనే ఏడ్చారు.

జనవరి 20
సోనారిలో ఆక్యుపంక్చర్ చేసే డాక్టరమ్మ ఉందని పక్కింటి జోగమ్మగారు చెప్పారు. న్యూరో డాక్టర్‌ని అడిగాం. గ్యారంటీ లేదు, కావాలంటే చేయించండి, మాత్రలూ స్పీచ్ థెరపీ మాత్రం ఆపొద్దన్నారు. అత్తయ్యకి బొత్తిగా ఇష్టం లేదు. "తల పగిలినోడికి తల్లో మళ్లీ సూదులేటే? నీకు మతిగానీ పోనాదేటే?" అని కేకలేసింది. నాకూ భయమే. కానీ ఊరికే కూర్చోలేను.

జనవరి 24
నెత్తిమీద, చేతులకి వెంట్రుకంత సన్నటి సూదులు. రక్తం రాలేదు. ఇంటికొచ్చి మధ్యాహ్నమంతా నిద్రపోయారు. దెబ్బ తగిలాక ఇంత హాయిగా పడుకోవడం ఇదే. అత్తయ్య మాటిమాటికీ వచ్చి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది.

ఫిబ్రవరి 6
ఏ మార్పూ లేదు.

ఫిబ్రవరి 15, సాయంత్రం
బొటనవేలి పక్కన సూది గుచ్చగానే ఆయన "అమ్మా, నొప్పెడతంది!" అన్నారు. తెలుగు! డాక్టరమ్మ బెంగాలీ ఆవిడ, గాభరాపడి సూది తీసేసింది. నేనూ అత్తయ్యా నవ్వుతున్నాం, ఏడుస్తున్నాం. అత్తయ్య ఆవిడ చెయ్యి పట్టుకుని "ఇంకోటి గుచ్చు తల్లీ, ఇంకోటి గుచ్చు" అంటోంది, అదీ తెలుగులోనే. ఆయన బిత్తరపోయి చూస్తున్నారు.

ఫిబ్రవరి 27
న్యూరో డాక్టర్ సంతోషించారు. సూదుల వల్లో, థెరపీ వల్లో, మెదడు తనంతట తానే కోలుకుంటోందో చెప్పలేమన్నారు. చెప్పలేకపోతే మానె. ఉప్పు, తలుపు, చెప్పులు... మాటలు ఒక్కొక్కటే వస్తున్నాయి. ఉజ్వల అన్న నా పేరు ఇంకా రాలేదు. "ఏయ్" అంటున్నారు. నేను హిందీ మొదలుపెట్టాను. ఆడవాళ్లు 'జాతీ' అనాల్సిన చోట 'జాతా' అని నా గురించి మగవాడిలా మాట్లాడేస్తే ఆయన పకపకా నవ్వుతున్నారు.

మార్చి 11
కూరలో కారం గురించి పోట్లాడుకున్నాం. ఆయన తెలుగులో, నేను హిందీలో. అత్తయ్య వాకిట్లో కూర్చుని పెసలు ఏరుకుంటూ ఉంది. ఏ మాటకీ అర్థం చెప్పమని ఆవిణ్ని ఎవరం పిలవలేదు.