ఉతకని ప్యాంటూ, నూనె రాసిన బూట్లూ

అప్పకి దండాలెట్టి తమ్ముడు సింహాద్రి రాసీది.

నీ మోకాళ్ళు ఎలగున్నాయి. బావకి ఆయాసం తగ్గిందా లేదా. నీ కొడుకూ కోడలూ బాగున్నారా. నాకు ఏ రోగమూ లేదు, తింటన్నాను, తిరుగుతన్నాను. ఈ ముక్క ముందే రాసీసినాను. నువ్వు ఉత్తరం సగం సదివి, మిగిలింది రేపు సూసుకుందామని తలగడ కింద పెట్టీసే మనిషివి. ఈసారి అలగ సెయ్యకు. ఇది నీ మనవరాలు లావణ్య సంబంధం సంగతి. కోడలి సేత సదివించకు, కూడబలుక్కొని నువ్వే సదువుకో. నానూ కూడబలుక్కొనే రాస్తన్నాను.

ఫోన్లో సెప్పొచ్చు కదా అంటావు. మా కుమారి కోర్టర్‌లో ఫోను మాట్లాడితే పక్క కోర్టర్‌కి ఇనిపిస్తాది. మీ ఇంట్లో ఫోను కోడలి సేతిలో ఉంతాది. అది సౌండు పెద్దది సేసీసి, మీరందరూ సుట్టూ కూకుంతారు. పిల్ల బతుకు సంగతి అలగ మాట్లాడకూడదు.

నా సంగతి సెప్తాను. ఖరగ్‌పూర్‌లో కూతురింటికి వచ్చిన కొత్తలో, ఈ రైల్వే కోర్టర్ల పేట పేరు న్యూ సెటిల్‌మెంట్ అంటే ఏ దేశమో అనుకున్నాను. తీరా సూస్తే వీధినిండా మనోళ్ళే. గుడి మనదే, పూజారి మనోడే. కొట్టోడు తెలుగులోనే ధర సెప్తాడు, తెలుగులోనే తూకం తగ్గిస్తాడు. ఇందా బజారుకెల్తే మాత్రం అంతా బెంగాలీ. అక్కడ సేపలోడు నన్ను దాదూ అంటాడు, తాతా అని అర్థమంట. అంత పేమగా పిలిసినోడు మొప్పలకి రంగు పూసినాడేమోనని ఏలెట్టి రుద్ది సూస్తాను. ఆడు నవ్వుతాడు. నాను నవ్వను. ఇక్కడ ఆవనూనెతో వండుకుంతారు, ముక్కుల్లోకి ఎక్కుతాది. కుమారి నాకు వేరే వండతాది, దానికేటీ లోటు సెయ్యదు. సాయంత్రం ముర్రీలూ, అదే మరమరాలు, పచ్చిమిరపకాయా. వానలు పట్టినాయి. ఉత్తినే కూకోడమే కష్టం. బతుకంతా పశువుల సంతలో బేరాలు కుదిర్సినోణ్ణి, ఇక్కడ ఎద్దు మొహం కనపడదు. దిగులేటీ లేదులే. బాగానే ఉన్నాను.

లావణ్యకి మొదట కుదిరిన సంబంధం ఎలగ పోయిందో నువ్వూ నానూ మర్సిపోలేదు. ఉద్దోగం ఉందన్నారు, లేదు. ఒక్కడే కొడుకన్నారు, కాదు. మాటలిచ్చి పుచ్చుకున్నాక బయటపడినాది. పిల్ల నాలుగూర్ల నోళ్ళలో పడినాది. అందుకే ఈ ఖరగ్‌పూర్ సంబంధం వచ్చినపుడు నువ్వు నాకు కబురెట్టినావు, తమ్ముడా నువ్వక్కడే ఉన్నావు, నీ కళ్ళతో సూసి సెప్పు, నువ్వు ఊఁ అంటే ఊఁ, ఉహూఁ అంటే ఉహూఁ అని. అంత బరువు నా నెత్తి మీద పెట్టినావు కదా, నాను ఊరికే టీ తాగి వచ్చీసీ మనిషిని కాదు.

కుర్రోడి పేరు సంతోష్. తండ్రి లేడు. తల్లి పార్వతమ్మ. మా కోర్టర్‌కి రెండు వరసల అవతల ఉంతారు. రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరు పని అన్నారు. ఆ మాట నిజమే, గేటు కాడ నిలబడి ఆడు లోపలికెల్లడం సూసినాను, బయటకి రావడం కూడా సూసినాను.

మొదటిసారి ఎల్లినపుడు తల్లి కుర్సీ ఏసింది. నాను కూకోబోతే, "ఉండండి బాబాయిగారూ, అందులో మావోడు కూకున్నాడు, మీ తెల్ల పంచెకి నీలం అంటుతాది" అనీసి గుడ్డతో తుడిసింది. గుడ్డ నీలంగా వచ్చింది. మనిషి కూకుంటే కుర్సీకి రంగంటడమేటి. అడిగితే ఆ పిల్లోడు ఏసుకున్న జీన్సు ప్యాంటంట. కొన్న కాణ్ణించి ఉతకలేదంట. నిరుటి ఎండాకాలంలో కొన్నాడంట.

"ఉతకలేదా, ఉతకనివ్వలేదా" అన్నాను తల్లితో.

"ముట్టుకోనివ్వడు బాబాయిగారూ. వాసన పోతాదని ఎవడో సెప్తే ఫ్రిజ్జులో కూడా పెట్టినాడు, సేపల పక్కన. ఆ వాసన పోయిందో లేదో గానీ, సేపల వాసన పట్టింది."

పిల్లోడు తలొంచుకొని నవ్వినాడు. "ఇది అలగే వాడాలి తాతా. ఉతక్కుండా తొడిగితే మన ఒంటికి తగ్గట్టు మడతలు పడతాయి, మడతల కాడ రంగు తేలుతాది. ఎవడి ప్యాంటు ఆడిదే అవుతాది" అన్నాడు.

ఉతికే ఆడదానికి తెలీకుండా మగోడు దేన్నీ దాసలేడు అప్పా. జేబులో సీటీ, బీడీ ముక్కా, సినిమా టిక్కెట్టూ, అన్నీ రేవు కాడే బయటపడతాయి. మరి కన్నతల్లిని కూడా ప్యాంటు ముట్టుకోనివ్వనోడు ఏటి దాస్తన్నట్టు. ఆ రాత్రి కుమారితో అంటే, "నాన్నా, అది ఫేషను, ప్రేమ్ బజార్ ఎల్తే కాలేజీ పిల్లలందరూ అలగే ఉంతారు, ఆళ్ళ పరువు తియ్యకు" అన్నాది. కాలేజీ పిల్లలకి మన పిల్లనిస్తన్నామేటి.

ఆదివారం సెప్పకుండా ఎల్లినాను. గుమ్మంలో కూకొని బూట్లు ముందేసుకున్నాడు. తోలుబూట్లు, సీలమండలు దాటీవి. ముందురోజు వానలో తడిసినాయంట. లోపల బెంగాలీ పేపరు ఉండలు సుట్టి కూరినాడు. ఎండలో పెట్టొచ్చు కదా అంటే, "తోలు పగిలిపోతాది తాతా, నీడనే ఆరాలి" అన్నాడు. ఆరిన మట్టి బ్రష్షుతో దులిపినాడు. గుడ్డముక్క ఏలికి సుట్టి, నూనె కొంచెం తీసి, సంటిపిల్లకి ఒళ్ళు పామినట్టు పామినాడు. కుట్ల కాడ మళ్ళీ పామినాడు.

ఆడి ఓపిక సూసి నాకు ముచ్చటేసిందని అనుకోకు. సంతలో ఎద్దు ఒళ్ళు నూనెతో నిగనిగలాడిందంటే కాడి పుండు ఎక్కడుందో ఎతకాలి. బూట్లు ఎత్తి సూసినాను, అడుగు సూసినాను, సెయ్యి లోపలికి పెట్టి సూసినాను. మడమలు రెండూ సమంగా అరిగినాయి. కాలీడ్చే మనిషి కాదు, తూలీ మనిషి కాదు. తోలు మంచిదే. బూట్లలో తప్పు దొరకలేదు.

అప్పుడు దండెం మీద ప్యాంటు కనపడింది. తిరగేసి గాలికి ఏలాడేసినాడు, గోనెపట్టాలాగ బిర్రుగా నిలబడింది. నాను లేసి ఎల్లి మంచి ఏపుకి తిప్పినాను. మోకాళ్ళ కాడ తెల్లబడింది, మోకాలేసి పని సేస్తాడన్నమాట. కుడిజేబు మీద ఫోను అచ్చు, పలకలాగ. ఎనకజేబు మీద పర్సు అచ్చు. ఎడమజేబు మీద గుండ్రంగా, డబ్బా మూతంత, తెల్లటి మచ్చ. ఈ ఊర్లో అలాంటి డబ్బా సగంమంది మగాళ్ళ జేబులో ఉంతాది. పొగాకూ సున్నమూ అరిసేతిలో నలిపి కిందిపెదవి లోపల పెట్టుకుంతారు. ఖైనీ అంతారు.

మొదటిరోజు తల్లి నాతో ఏటన్నాదో తెలుసా. "మావోడికి ఏ అలవాటూ లేదు బాబాయిగారూ, టీ కూడా నాను ఇస్తేనే తాగుతాడు." మళ్ళీ అబద్ధమే. మళ్ళీ అదే పిల్ల. అక్కడే లేసి వచ్చీసి, ఉహూఁ అని నీకు రాసీద్దామనుకున్నాను. కానీ బేరం సెడగొట్టీ ముందు ఒకసారి నోరు సూడాలి, అది నా పద్ధతి.

తల్లి వంటింట్లో ఉంది. నాను సిన్నగా అడిగినాను.

"ఈ గుండ్రం ఏటి బాబూ."

గుడ్డముక్క కింద పెట్టినాడు. వంటింటేపు సూసినాడు. "ఖైనీ డబ్బా తాతా."

"మీ అమ్మ ఏ అలవాటూ లేదన్నాది."

"అమ్మకి తెల్దు."

"ఇప్పుడూ తింటన్నావా."

"మానీసినాను. నిరుడు దుర్గాపూజలకి ముందే మానీసినాను."

"మానీస్తే మచ్చెందుకుంది."

"ఉతకలేదు కదా తాతా" అన్నాడు. "రెండుసార్లు సోడాలో పెడితే ఉండదు. మా షెడ్డులో అందరూ అదే అన్నారు, పెళ్ళిసూపులు దగ్గర పడినాయి, ఉతికీ అని. నాకు మనసొప్పలేదు."

మనసు దేనికి ఒప్పలేదో నాకు తెలీదు. ప్యాంటు పాడవుతాదనా, దాసడం ఇష్టం లేకా. రెండూ అయ్యుండొచ్చు. "నోరు తెరు" అన్నాను.

"ఏటి."

"సంతలో అలవాటు. ఏటనుకోకు. తెరు."

తెరిసినాడు. ఎలుగులోకి తిప్పి, కిందిపెదవి లాగి సూసినాను. పళ్ళు గట్టివి. పెదవి లోపల పాత మచ్చ ఉంది, కొత్త పుండు లేదు. వాసన లేదు. అంతలో తల్లి టీ పట్టుకొని వచ్చి, నా సేతిలో కొడుకు పెదవి సూసి గుమ్మంలో ఆగిపోయింది. "పిప్పిపన్ను ఉందేమోనని సూస్తన్నాను అమ్మా" అన్నాను. అంతకన్నా నాకేటీ తట్టలేదు. "ఉందా బాబాయిగారూ" అన్నాది. లేదన్నాను. అది నిజమే కదా.

ఆవిడ లోపలికెల్లినాక ఆడితో అన్నాను. "నీ సంగతి మా అప్పకి నాను సెప్తే సాడీ అవుతాది. నువ్వే ఆ పిల్లకి సెప్పు. ఇప్పుడే, నా ఎదురుగా. మీ అమ్మకి ఇనపడకుండా, నాకు ఇనపడీలాగ."

"వద్దంటాదేమో తాతా."

"అంటే అననీ. రేపు ప్యాంటు ఉతికే రోజున తెలిసేకన్నా నయం."

అవునప్పా, ఆళ్ళిద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటన్నారు. నీకు తెలీదు. ఇప్పుడు తెలిసింది కదా, పిల్ల మీద పడకు.

ఆడు మాటకి మాట తడుముకుంటా అంతా సెప్పినాడు. మచ్చ సంగతి కూడా సెప్పినాడు. నాను ఫోను కాడికి సెవి పెట్టినాను. అప్పుడు మన లావణ్య అన్నాది గదా, "మా నానమ్మ అడ్డపొగ కాలుస్తాది, నిప్పు నోట్లో పెట్టుకొని నన్ను ఎత్తుకొని పెంచినాది. పొగాకు వాసనకి నాను జడవను. అబద్ధానికి జడుస్తాను. మానీసినావా లేదా, అదొక్కటే సెప్పు."

"మానీసినాను."

"అయితే ఆ ప్యాంటు ఉతుక్కొని రా. మచ్చతో నా ఎదురుగా కూకోకు. మా అమ్మ కూడా గురుతు పడతాది."

కుర్రోడు దండెం ఏపు సూసినాడు. బూట్లేపు సూసినాడు. నా ఏపు సూసినాడు, నాను మొహం తిప్పుకున్నాను. "సలికాలం దాకా ఆగకూడదా" అన్నాడు. "మొదటి ఉతుకు సన్నీళ్ళలో, తిరగేసి, సోడా లేకుండా, నీడన ఆరెయ్యాలి. ఈ వానల్లో ఆరదు, ముక్కిపోతాది."

పిల్ల నవ్వింది. సరే అనీ, కాదనీ సెప్పకుండా ఫోను పెట్టీసింది.

అప్పా, ఆడు వెంటనే ఊఁ ఉతికీస్తాను అనీసుంటే నాను నమ్మీవోణ్ణి కాదు. ఒక పిల్లని మెప్పించడానికి ఆ మాట కూడా ఆడి నోట రాలేదు. అందుకని నా మాట ఊఁ. లావణ్యని నువ్వు పక్కన కూకోబెట్టుకొని ఒకసారి అడుగు, దాని మాట నా మాటకన్నా పెద్దది. అదీ ఊఁ అంటే బయలుదేరి రండి. సలికాలంలో రండి. పార్వతమ్మకి ఖైనీ సంగతి తెలీదు, నీ నోరు పెద్దది, జాగర్త.

వచ్చీటప్పుడు కొత్త సింతపండు తే, ఇక్కడిది పులుపెక్కదు. తాటితాండ్ర దొరికితే కుమారికి తే. నీ సుట్టలు కూడా తెచ్చుకో, గానీ పెళ్ళివారింట్లో కాల్సకు. బావకి నా దండాలు సెప్పు, పిల్లలకి దీవెనలు. నా ఒంటికేటీ పర్లేదు, మళ్ళీ రాస్తన్నాను, పర్లేదు.

పెద్దదానివి, నా మాట తప్పు కాకూడదని దీవించు. తాళి కట్టీదాకా ఆదివారం ఆదివారం ఆడింటికి ఎల్తానే ఉంతాను, నోరు సూస్తానే ఉంతాను. ఆడికి ఆ మాట సెప్పీసినాను కూడా.

నీ తమ్ముడు
సింహాద్రి