గోరింకల చెట్టు

16 ఏప్రిల్ 1999, శుక్రవారం

పిచ్చుక నేల రాలినా తండ్రికి తెలుస్తుందని ప్రసంగించేవాడా, నీ మాటకు ఎన్ని గూళ్ళు కూలుతాయో నీకు తెలుసా?

పోయిన ఆదివారం చర్చిలో, ఊరు ఒకప్పుడు మొక్కిన పాత దేవత చెట్టును కొట్టేయమని సంఘానికి చెప్పాను. ఈవేళ పిట్టలు చూడ్డానికి వచ్చిన మాష్టారికి అడవి రోడ్డులో దారి చూపిస్తూ ఆ చెట్టు దగ్గరే ఆగాను. ఆయన బైనాక్యులర్ నా చేతికిచ్చారు. తొర్రలో కొండగోరింక పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

వెంట వచ్చిన సంఘపెద్ద సోమన్న నవ్వాడు. "ఈటికి బాప్తిస్మం ఎప్పుడిత్తారు అయ్యగారూ? రేపు బేగి లేచి చెట్టు కొట్టేత్తాం."

వద్దనలేకపోయాను. అన్న మాట వెనక్కి తీసుకుంటే మాష్టారి ముందు చిన్నబోతాననుకున్నాను. గూటిలో పిల్లల మీదున్న తల్లిపిట్టను పట్టుకోవద్దనే వాక్యం నాకు కంఠతా వచ్చు. అయినా...

తెల్లారితే గొడ్డలి లేస్తుంది. రాసింది చాలు. లాంతరు తీసుకుని ఇప్పుడే సోమన్న ఇంటికి నడువు, తప్పు నాదేనని చెప్పు.