నాగసాకి పేరెత్తినందుకు

ఆగస్టు 9, శనివారం

ఈరోజు మ్యూజియంలో నా గైడ్ బ్యాడ్జ్ తిరిగి ఇచ్చేశాను. కోపం ఇంకా తగ్గలేదు.

నాగసాకి మీద వేసిన బాంబుకి ప్లుటోనియం తయారైంది మా ఊరి పక్కనున్న రియాక్టర్‌లోనే; ఇప్పుడదే ఈ మ్యూజియం. ఆ రియాక్టర్ ఎలా పనిచేసిందో రెండేళ్లుగా సందర్శకులకి వివరిస్తున్నాను. పోయిన నెల మేనేజర్ కొత్త స్క్రిప్ట్ ఇచ్చాడు. అందులో సైన్స్ అంతా ఉంది, నాగసాకి పేరు మాత్రం లేదు.

ఈరోజు బాతెల్ అనే ఊరి నుంచి ఒక తెలుగు కుటుంబం వచ్చింది. వాళ్ల పదేళ్ల పాప అడిగింది: "ఆంటీ, బాంబ్ పడినప్పుడు కింద ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నారమ్మా. ఊరంతా ఉంది. నీలాంటి పిల్లలు కూడా ఉన్నారు. సరిగ్గా ఇదే తేదీన పడింది," అన్నాను.

పాప వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుంది. అయినా ఇంకో రెండు ప్రశ్నలు అడిగింది.

టూర్ అయ్యాక మేనేజర్ పిలిచాడు. "పిల్లల్ని భయపెట్టొద్దు. స్క్రిప్ట్ దాటితే మీరు గైడ్‌గా ఉండటం కుదరదు," అన్నాడు. ముప్పై ఏళ్లు ఫిజిక్స్ పాఠాలు చెప్పినదాన్ని. సగం జవాబు చెప్పడం నాకు చేతకాదని చెప్పి, బ్యాడ్జ్ ఆయన బల్ల మీద పెట్టేశాను.

ఇంటికొస్తే మా ఆయన, "రిటైరయ్యాక ఎందుకే నీకీ గొడవ?" అన్నారు. నేను వచ్చి ఈ డైరీ తెరిచాను. ఆ పాపకి ఇవాళ నిద్ర పడుతుందో లేదో...

వచ్చే శనివారం టికెట్ కొనుక్కుని మళ్లీ వెళ్తాను. సందర్శకుల మధ్య నిలబడి, నాగసాకిలో ఏం జరిగిందని గట్టిగా అడుగుతాను. చెప్పేదాకా కదలను.